ఎర్ర మీట

పద్నాలుగేళ్ళు కొబ్బరి లారీకి తాళ్ళు బిగించినవాణ్ణి.
అంబాజీపేటలో వేసిన ముడి
నాగపూర్ దాటాక కూడా వేసినట్టే ఉండేది.
ఆ ధీమాతోనే సలోమితో అన్నాను:
"పిల్ల సీటేగా, పావుగంట పని."

అప్పుడు సాయంత్రం అయిదు.
వీధిలైట్లు వెలిగాక కూడా
కారు వెనక సీట్లో నేనూ, నా చెమటా,
మూడు భాషల్లో అచ్చయి
ఒక్కదాంట్లోనూ నాతో మాట్లాడని కాగితమూ.

ముందు వారమే
మా తోడల్లుడు ఒకటి ఊరికే ఇస్తానన్నాడు.
నీలం రంగుది. గీత కూడా పడలేదు.
రావులపాలెం దగ్గర వాళ్ళ కారు డివైడర్ని గుద్దినప్పుడు
అందులో ఎవరూ లేరట.
"ఖాళీ సీటుకేం దెబ్బండీ?" అని నవ్వాడు.

నేను కాయల మనిషిని.
చెవి దగ్గర ఆడిస్తే నీళ్ళెన్నో తెలుస్తుంది,
వేలి గణుపుతో కొడితే
వెంట్రుకంత నెర్రె ఉన్నా చెప్పేస్తుంది కాయ.
ఆ నీలం సీటునీ కొట్టాను, ఆడించాను.
ప్లాస్టిక్ ఏమీ చెప్పలేదు.
చెప్పనిదాన్ని ఎలా నమ్మను?
ఆయన మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

రాజమండ్రిలో కొత్తది కొన్నాం.
కొట్టతను రంగులు చూపించాడు,
గ్లాసు పెట్టుకునే చోటు చూపించాడు.
సలోమి ఒక్కటే అడిగింది:
"మా పిల్ల ఏడు కిలోల మూడొందలు.
ఇందులో ఎన్నాళ్ళు వెనక్కి తిరిగి కూర్చోగలదు?"
అతను ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు.
బిల్లు చూసి గుటక మింగాను.
వెయ్యి కాయల డబ్బు.

"వెనక్కెందుకు? దారి చూడనియ్యవా పసిదాన్ని?"
మా అత్త దీవెనమ్మ.
"నా ఒళ్ళో నలుగురు పెరిగారు, ఒక్కళ్ళూ జారలేదు."
"పడవలో తెడ్డేసేవాడు ఎటు చూస్తాడత్తా,
వదిలొచ్చిన రేవుకేసే గదా" అన్నాను.
అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

బ్రేకు పడితే లోడు ముందుకొస్తుంది.
క్యాబిన్ వెనక రేకు చీల్చుకుని
ఒకసారి వచ్చింది, చూశాను.
పసిమెడ మీద తల,
లేత ఈనె మీద బొండాం.
ఒడిలో చేతులు తాళ్ళు కావత్తా.
అది మాత్రం నోటితో అనలేకపోయాను.

పిల్ల వెనక్కి తిరిగితే బెల్టు నీలం గుర్తుల్లోంచి పోవాలట.
నేను ఎరుపులోంచి పోనిచ్చాను. విప్పాను.
మళ్ళీ. లోపలెక్కడో మెలిక. విప్పాను.
మూడోసారి సీట్లో మోకాలు ఆన్చి
లోడు మీదెక్కి లాగినట్టే లాగాను.
బెల్టు దూరిన చోట పట్టుకు కుదిపితే
అంగుళం కదల్లేదు.

కెజియాకి అమ్మమ్మ తొడిగిన స్వెట్టరు విప్పించాం,
దళసరి బట్ట లోపల గాలి దాచుకుంటుందని.
భుజం మీది పట్టీని రెండు వేళ్ళతో గిల్లాను.
మడత దొరికింది.
ఇంకాస్త లాగాను. ఈసారి వేళ్ళు జారిపోయాయి.
పిల్ల నా గడ్డం గిల్లింది.
దానికి మాత్రం దొరికింది.

అయిపోయిందనుకున్నాను.
రాత్రి నిద్ర పట్టలేదు.
ఇటు గన్నవరం వెళ్ళినా, అటు అమలాపురం వెళ్ళినా
ఓ పక్క కాలువే మాకు.
రెయిలింగు ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు.
ఇంత బిగించినవాణ్ణి,
విప్పడం నేర్చుకున్నానా?

లేచి వెళ్ళి కారులో కూర్చున్నాను.
లైటు వెయ్యలేదు. కళ్ళు మూసుకుని తడిమాను.
గట్టిది ఆ ఎర్ర మీట,
పిల్ల వేళ్ళకి లొంగకూడదని అలా చేశారు.
మొదటిసారి పదకొండు లెక్కపెట్టాను.
తర్వాత ఏడు.
ఎన్నోసారికో మూడు.

అటువైపు తలుపు తెరుచుకుంది.
దీవెనమ్మ, జుట్టు ముడేసుకుంటూ.
"జరుగు."
పీచు తీసీ తీసీ కాయకట్టిన బొటనవేలు ఆవిడది.
ఒక్క నొక్కుకే టక్కుమంది.
"ఇంతేనా?" అంది.
మళ్ళీ పెట్టమంది.
ఈసారి తనూ కళ్ళు మూసుకుంది.

పొద్దున్న టీకాకి బయల్దేరితే
పిల్ల వంతెన దాకా ఏడ్చి,
వెనకద్దంలో వెళ్ళిపోతున్న చెట్లని చూస్తూ నిద్రపోయింది.
పక్కన దీవెనమ్మ. ఒళ్ళో పాలసీసా ఒక్కటే.
చెయ్యి మాత్రం
కాలువ గట్టు పొడుగునా
ఆ మీట పక్కనే.